మామిడి కొత్తకు నాలుగు రోజుల ముందు

చింతపల్లి సంతలో మిరియాలు అమ్ముకున్న మనిషి, ఆ డబ్బు కండువా చెంగున ముడేసుకుని నా ఇంటర్నెట్ సెంటర్ మెట్లెక్కి, "పిల్లలకి కంప్యూటర్ కొందామనుకుంటన్నాం, తక్కువలో మంచిదేదో సెప్పమ్మా" అని అడిగితే నేను చెప్పే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. ముందు యూపీఎస్ కొనండి, మిగిలినదాంతో కంప్యూటర్ కొనండి, అంటాను. వెడల్పాటి తెరా, పాటలు మోగే స్పీకర్లూ ఊహించుకుని వచ్చినవాళ్ళకి ఈ మాట రుచించదు. కరెంటు పోతే కాసేపు ఆదుకుని, కరెంటు ఎగిసిపడితే మిషన్ మీద పడకుండా అడ్డుకునే నల్లపెట్టె అది, పాట పాడదు, బొమ్మ చూపించదు. దీని మీద ఈవిడకి కమీషనేదో ముడుతున్నట్టుందని గొణుక్కుంటూ దిగిపోయినవాళ్ళున్నారు. అనుకోనీ. మొన్న వాన పడుతున్న మధ్యాహ్నం ఒకాయన చూడమని పాత సీపీయూ తెచ్చి, నేను వద్దనేలోగా తనే గోడ ప్లగ్గులో పెట్టేశాడు. వెనకవైపు టప్పుమంది. కాలిన ప్లాస్టిక్కు, దుమ్ము, పొయ్యిలో పడ్డ ఎండుచేప కలిసినట్టుండే ఆ వాసన కొట్టంతా కమ్ముకుంది. ఆయన ఏదో అడుగుతూనే ఉన్నాడు, నాకేమీ వినపడలేదు. అప్పటికి నేను మా ఊళ్ళో, మా ఇంట్లో ఉన్నాను, నాకు తొమ్మిదేళ్ళు.

జీపు దిగి గంటసేపు కొండెక్కితే మా ఊరు, పాతిక గడపలు. పొడుగ్గా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి ఒంటిని పట్టుకుని పాకిన మిరియపు తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. చలికాలంలో బారెడు పొద్దెక్కినా మంచు వీడేది కాదు, పులుస్తున్న కాఫీ తొక్క వాసనా, తడికట్టె పొగా, చోడిపిండి అంబలి ఉడుకుతున్న వాసనా కలిసి ఆ మంచులోనే నిలిచిపోయేవి. వలిసె పూలు పూసిన రోజుల్లో ఎదటి కొండ మొత్తం పసుపు రాసుకునేది. మిరియాలు కోసే రోజుల్లో వాకిళ్ళనిండా చాపలు పరిచి ఆరబోస్తే, ఆ ఘాటుకి తుమ్ముతూనే మేం తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. అమ్మ నా చిన్నప్పుడే జ్వరంతో పోయింది. ఇంట్లో అయ్య, అయ్య తల్లి అవ్వ, నాకన్నా పదేళ్ళు పెద్దదైన అప్ప, నేను. అక్కని మేం అప్ప అనే పిలుస్తాం, ఆమె పేరు దేవుడమ్మ. నాకు తల దువ్వినదీ, గజ్జి వస్తే వేపాకు నూరి రాసినదీ, అక్షరాలు దిద్దించినదీ అప్పే.

మా కొండల్లో ఏ పంటనీ, ఏ పండునీ కొత్త చెయ్యకుండా నోట పెట్టరు. చిక్కుడు కాయలకి కొత్త, సామలకి కొత్త, మామిడికి కొత్త. ముహూర్తాలు పెట్టే దిసారి మంచిరోజు చూసి చెప్పాలి, ఊరి చివర అమ్మోరి రాయికి ముందు పెట్టాలి, ఆ తరవాతే మనిషికి. చెట్టునిండా కాయలు వేలాడుతుంటే పిల్లలకి ఎంత కష్టమో పెద్దవాళ్ళకి పట్టదు. మా అవ్వ చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ గడపలో కూర్చుని, పొలంనుంచి వచ్చిన ప్రతి గుంటనీ గుంటడినీ పిలిచి నోరు తెరిపించి వాసన చూసేది. ఆ పొగ మధ్య ఆవిడకి మామిడి వాసన ఎలా తెలిసేదో నాకిప్పటికీ అర్థం కాదు. నేను ఏడాదికి రెండుసార్లైనా దొరికిపోయేదాన్ని. అప్ప మాత్రం రాలిన కాయని కూడా ముట్టేది కాదు, దాటుకుని పోయేది.

అప్ప ఇంటర్ అయ్యాక కింద నర్సీపట్నంలో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని వచ్చింది. ఒక్క మిషన్ ఇంట్లో ఉంటే చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకి నేర్పుతానంది, అర్జీలు టైపు చేసి పెడతానంది. బడి మేష్టారు కూడా పిల్లల్ని పంపుతానని మాటిచ్చారు. అది కాకపోతే ఇంకో దారి అప్పటికే సిద్ధంగా ఉంది. తమిళనాడులో ఏదో నూలు మిల్లుకి ఆడపిల్లల్ని తీసుకెళ్ళే ఏజెంటు రెండు సంతల్నుంచి అయ్య వెంట తిరుగుతున్నాడు, మా పక్కింటి పిల్ల అలాగే వెళ్ళింది. అయ్య చివరికి తేల్చేశాడు. ఈ ఏటి మిరియాల డబ్బు మిషన్‌కి పెడతాడు. అది నడిస్తే దేవుడమ్మ ఇంట్లో ఉంటుంది. నడవకపోతే వేసవిలో వచ్చే మా ఇటుకల పండగ వెళ్ళాక ఏజెంటు జీపెక్కుతుంది. అయ్య చెడ్డవాడు కాదు, ఆయన చేతిలో ఉన్నది ఒక్క మిరియాల కాపే.

ఇద్దరూ నర్సీపట్నం వెళ్ళి ఒక రోజల్లా షాపులో కూర్చున్నారట. కొత్త తెరలు చూసి పక్కన పెట్టి, ఎవరో వాడి వదిలేసిన బొజ్జ మానిటర్ తీసుకున్నారు. అక్షరాలు అరిగిన కీబోర్డు చాలనుకున్నారు, అప్పకి చూడకుండానే వేళ్ళు ఆడతాయి. లోపలి సరుకు మాత్రం కొత్తది వెయ్యమని అప్ప పట్టుబట్టింది. అన్నీ అయ్యాక మిగిలిన డబ్బు యూపీఎస్‌కి చాలలేదు, చిన్న స్పీకర్ల జతకి సరిపోయింది. బయల్దేరేముందు పాటలొస్తాయా అని అయ్యని పదిసార్లు అడిగినది నేనే. ఘాట్ రోడ్డు మలుపులన్నిటా అయ్య మానిటర్‌ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, కాళ్ళు తిమ్మిరెక్కి జీపు దిగడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

యూపీఎస్ లేకుండా స్విచ్చి వెయ్యొద్దని షాపాయన చెప్పిన సంగతి అప్ప ఇంట్లో అందరికీ చెప్పింది. అయ్య మొహం చిన్నబోయింది. అప్పుడు అవ్వ చుట్ట తీసి, కొత్త మిరియాల డబ్బుతో వచ్చిన సరుకు కదా, మామిడి కొత్తనాడే దీనికీ కొత్త చేద్దాం, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దంది. మిషన్ మీద తన పాతచీర కప్పి, అప్పచేత ముడి వేయించి, ముడి మీద పసుపు బొట్టు పెట్టింది. కంప్యూటర్‌కి కొత్తేమిటని ఇప్పుడు నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఇటుకల పండగకి మగాళ్ళు వేటకి పోతారు, ఆడాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు పట్టుకుని వచ్చేపోయే బళ్ళని ఆపి పండగ డబ్బులు అడుగుతారు. ఈసారి ఆ డబ్బు దేవుడమ్మ యూపీఎస్‌కి ఇవ్వాలని అవ్వ ఊరి ఆడాళ్ళందరినీ ముందే ఒప్పించింది. మిషన్‌కి కొత్త అనేది, కొడుకు తలవంచుకోకుండా ఆ రోజులు గడవడానికి ఆవిడ అడ్డంపెట్టిన మాట. అది నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కొత్తకి ఇంకా నాలుగు రోజులుంది. మగాళ్ళు అడవిలో, అవ్వా అప్పా అందరూ కింద రోడ్డు మీద. పాటలు కట్టి బళ్ళని ఆపుతున్న ఆడాళ్ళ గొంతులు గాలివాటుకి కొండమీదికి లీలగా వినిపిస్తున్నాయి. నాకు గొంతు నొప్పి, ఇంట్లో ఉండమన్నారు. ఆ స్పీకర్లు చీర కిందనుంచి నల్లగా రెండు ముక్కుల్లా పొడుచుకుని కనిపించాయి. ఒక్క పాట విని మళ్ళీ కప్పేద్దామనుకున్నాను. ముడి విప్పాను, అప్ప పుస్తకంలో బొమ్మ చూసి వైర్లు కలిపాను, గోడ ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేశాను. ఏమీ రాలేదు. ఉరుములకి కరెంటు అంతకుముందే పోయిందని నాకు తట్టలేదు. వాన మొదలయింది, వాకిట్లో చివరి కోత మిరియాల చాపలు తడుస్తున్నాయని బయటికి పరుగెత్తాను. చాపలు చుడుతుండగా కరెంటు వచ్చింది. ఇంట్లో బల్బు ఎప్పుడూ లేనంత తెల్లగా వెలిగి మాడిపోయింది, దాని వెంటే టప్పుమని చప్పుడు. లోపలికి వచ్చేసరికి ఆ వాసన. వైర్లు పీకేసి, చీర కప్పి, ముడి వేసి, పొయ్యి దగ్గరి డబ్బాలోంచి పసుపు తీసి బొట్టు పెట్టాను. తలుపులు తీసి పెట్టాను. సాయంత్రం అందరూ వచ్చేసరికి వాన వాసన తప్ప ఏమీ లేదు. మాడిన బల్బు చూసి అయ్య కరెంటోళ్ళని తిట్టాడు.

చెప్పడానికి నాలుగు రోజులు ఉన్నాయి నాకు. చెప్పలేదు.

కొత్తనాడు అయ్య కొత్త యూపీఎస్ నెత్తిన పెట్టుకుని కొండెక్కాడు. అమ్మోరి రాయి దగ్గర మామిడి ముక్కలూ అన్నమూ పెట్టి, అడ్డాకులో కొంచెం తెచ్చి మిషన్ ముందు పెట్టారు. మా ఇల్లు పట్టక జనం కిటికీలకి వేలాడారు. రోడ్డు మీద రెండు రోజులు ఎండకి నిలబడ్డ ఆడాళ్ళందరూ ముందువరసలో కూర్చున్నారు. అప్ప తలంటుకుని, ఉన్నదాంట్లో మంచి లంగావోణీ వేసుకుని వచ్చి ముడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. తను వేసిన ముడి తనకి తెలియదా. నా వైపు చూసింది, తరవాత విప్పింది. బటన్ నొక్కింది. మళ్ళీ నొక్కింది. యూపీఎస్ దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. జనం చాలాసేపు ఎదురుచూశారు, తరవాత ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు అయ్య, అప్ప, నేను జీపులో షాపుకి వెళ్ళాం. షాపాయన పెట్టె విప్పి, మసిబారిన బోర్డు చూపించి, కరెంటుకి కాలినదానికి వారంటీ ఉండదన్నాడు. బాగుచెయ్యాలంటే దాదాపు మళ్ళీ కొన్నంత అవుతుందన్నాడు. యూపీఎస్ లేకుండా ఎవరు పెట్టారని అడిగాడు.

"నానే," అంది అప్ప. "ఆగనేకపోనాను."

అయ్య పెట్టెని మళ్ళీ దుప్పట్లో చుట్టి భుజానికెత్తుకున్నాడు. ఇంటికి వచ్చాక కూడా కొట్టలేదు. కొట్టినా బాగుండేది. అవ్వ మాత్రం, రాలిన కాయ ముట్టని పిల్ల ఇలా చేసిందంటే నమ్మనని రెండు రోజులు అంటూనే ఉంది. అప్ప తల వంచుకుని తానే చేశానంటే ఊరుకుంది.

పది రోజులకి కింద రోడ్డు మీదికి ఏజెంటు జీపు వచ్చింది. అప్ప ఒక సంచీతో వెనక సీట్లో కూర్చుంది, ఇంకా నలుగురు పిల్లలున్నారు. నేను ఏడుస్తూ నిజం చెప్పేస్తానంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సెప్పకు గుంటా. నువ్వు సదువుకో. అయ్యకి ఇద్దరి మీదా కోపం ఎందుకు?"

రెండో ఏడు వానల్లో అప్ప దగ్గుతో వచ్చింది, సగం మనిషయి వచ్చింది. మిల్లులో గాలినిండా దూది ఎగురుతుందట. వాగు పొంగి జీపు రాలేదు. కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోసుకెళ్ళారు, ఆస్పత్రికి ఇంకా రెండు కొండలుండగానే పోయింది. చోడి కోతల నాటికి అప్ప లేదు. మిల్లునుంచి అప్ప పంపిన డబ్బులో నా ఫీజు కట్టగా మిగిలినది తన కర్మకే సరిపోయింది.

అవ్వ పోయింది. మామిడి కొత్త అయ్యేదాకా ఆగే పిల్లలు ఇప్పుడు మా ఊళ్ళో లేరు, సంతలో బస్తాలకొద్దీ కాయలు ముందే వస్తాయి, నోరు వాసన చూసేవాళ్ళు లేరు. సిల్వర్ ఓక్‌లు సగం కొట్టేశారు. ఆ బొజ్జ మానిటర్‌లో కోడి పొదిగేది, తరవాత పాతసామాను వాడు పట్టుకుపోయాడు. స్పీకర్లు నా దగ్గరే ఉన్నాయి, ఇంతవరకూ మోగించలేదు. అయ్య ముసలివాడయ్యాడు. అప్ప గురించి ఎవరైనా అడిగితే మంచిదనే చెప్తాడు, బంగారమంటాడు, చివర్లో మాత్రం ఒక మాట కలుపుతాడు: "ఆ నాలుగు రోజులే ఆగనేకపోనాది." ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో, విని ఎన్నిసార్లు అంబలి కలిపి ఆయన చేతికిచ్చి బయటికి వచ్చేశానో.

ఆగలేకపోయినది చిన్నకూతురు, పెద్దకూతురు కాదు. రాశాను. అయ్యకి చదువు రాదు. బ్యాంకు కాగితమైనా, పట్టా కాగితమైనా ఇంటికి ఏది వచ్చినా చదివి వినిపించేది నేనే. ఇది కూడా నేనే చదవాలి.