పంతులమ్మ గారు వెనక్కి అడిగిన కూలి

నా చిన్నప్పుడు, అంటే మరీ పలకా బలపం రోజులు కాదు, ఎస్సెస్సెల్సీ గట్టెక్కి కొత్తగా ఓణీ వేసుకుంటున్న రోజుల్లో, మా ఇంట్లో ఒక్క మాట మీద పెద్ద గొడవ నడిచింది. ఆ మాట ‘ఉపకార వేతనం’.

మాది చిల్లకల్లు. జగ్గయ్యపేట హైస్కూల్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. బెజవాడ కాలేజీలో చేరితే ఫీజూ, హాస్టలు ఖర్చూ సర్కారే ఇస్తుందని, అందుకు నందిగామ వెళ్లి ఆదాయం సర్టిఫికెట్టు తెచ్చుకోవాలని మా ఊరి మిషను బడి పంతులమ్మ గారు ఇంటికొచ్చి చెప్పారు. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే.

మా నాన్న ససేమిరా అన్నాడు.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. అంతకు కొన్నేళ్ల ముందు మా మెట్ట చేలో బావి తవ్వుకోడానికి సర్కారు అప్పిచ్చింది. బండ తగిలింది గానీ నీళ్లు పడలేదు. వాయిదా కట్టలేకపోతే మా పాడిగేదెను తోలుకుపోయారు. అది వీధి మలుపు తిరిగేదాకా మా అమ్మ గడపలో నిలబడి చూడటం నాకింకా గుర్తే. ఆ తర్వాత నాన్న కూలికి పోవడం మొదలుపెట్టాడు.

“ఉపకారం అని పేరులోనే ఉంది గదండీ, ఎప్పటికైనా తీర్చాల్సిందే. రేపు పిల్ల చదువు ఆగితే మళ్లీ ఇంటి మీదికొస్తారు. మా వల్ల కాదండి” అని చేతులు జోడించాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని, పొగ వంక పెట్టుకుని ఏడ్చా.

పంతులమ్మ గారు వాదించలేదు. బడి చుట్టూ దడి పడిపోయిందని, రేపొచ్చి కట్టిపెట్టమని మాత్రం చెప్పి వెళ్లారు. మర్నాడు నాన్న ఎండలో కంప నరికి, గుంజలు పాతి, పొద్దుగూకేసరికి దడి నిలబెట్టాడు. ఆవిడ కూలి ఇచ్చి పంపారు.

తెల్లారగానే ఆవిడ మా వాకిట్లో ఉన్నారు. “నిన్నటి కూలి వెనక్కి ఇచ్చెయ్యవయ్యా” అన్నారు.

నాన్న మొహం ఎర్రబడింది. పెద్దావిడ కాబట్టి గొంతు తగ్గించుకున్నాడు. “ఎందుకివ్వాలండి? దడిలో లోపముంటే చూపించండి. చేసిన పనికే గదా తీసుకుంది!”

“లోపమేం లేదు. రేపు కాలేజీలో నీ కూతురు చేసేదీ పనే. ఉపకారం పక్కన ఇంకో మాట కూడా ఉంది, వేతనం అని. అంటే కూలే. చదివినన్నాళ్లూ ఇస్తారు, మానేస్తే ఆపేస్తారు. ఇచ్చింది వెనక్కి అడగరు. నీ బావికిచ్చింది అప్పు. ఇది అప్పు కాదు.”

నాన్న అరుగు మీద కూలబడ్డాడు. ఆవిడ ఇంకో రెండు సంగతులు కూడా దాచకుండా చెప్పారు. డబ్బు ఆలస్యంగా వస్తుంది, పరీక్ష తప్పితే ఆగిపోవచ్చు. మంచి ఒక్కటే చెప్పి ఊరుకుంటే నాన్న నమ్మేవాడు కాదేమో. “బస్సు ఎన్నింటికండి?” అన్నాడు చివరికి.

నందిగామ ఆఫీసులో వేలిముద్ర వేసే ముందు నాన్న గుమాస్తా గారిని ఆపి, “ఇది తిరిగి కట్టక్కర్లేదు గదండీ?” అని అడిగాడు. ఆయన తలెత్తకుండానే అక్కర్లేదన్నాడు. నాన్న కదల్లేదు. ఆయన తలెత్తి, నాన్న కళ్లలోకి చూసి మళ్లీ చెప్పాకే వేలు సిరాలో ముంచాడు.

డబ్బు నిజంగానే ఆలస్యమైంది. క్రిస్మస్ సెలవులు దాటాక గానీ రాలేదు. అందాకా హాస్టలు వార్డెను గారు ఓపిక పట్టారు. వచ్చిందని కబురు చేస్తే, ఆ ఆదివారమే నాన్న బెజవాడ వచ్చి, హాస్టలు గేటు దగ్గర అందరూ వినేలా “నీ కూలి వచ్చిందటగా!” అన్నాడు. నాకు సిగ్గేసింది, గర్వంగానూ ఉంది.

తర్వాత నేను నందిగామలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పా. స్కాలర్‌షిప్పుల కోసం వచ్చిన తండ్రులు గుమ్మం బయటే, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని నిలబడేవారు. ముందు లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. కాగితాల మాట తర్వాత. “మీకు దేనికి భయంగా ఉందో చెప్పండి” అని అడిగేదాన్ని. రిటైరయ్యాక ఇప్పుడు మా వీధి పిల్లల అమ్మానాన్నలొచ్చినా అదే అడుగుతున్నా. భయపడే మనిషిని తెలివితక్కువవాడు అనుకోకూడదని, ఆ భయం పుట్టిన చోటు నుంచే మాట మొదలుపెట్టాలని పంతులమ్మ గారి దగ్గర నేర్చుకున్నా.