మూడువందల ఎనిమిదో గది

తిరుచానూరు లాడ్జి యజమాని గదుల లెక్క చెప్పినప్పుడు నేను నమ్మాను. డిగ్రీ చదివినవాణ్ణి కదా, పెద్దవాళ్ళు చెప్పింది రాసుకోవడం అప్పటికే అలవాటైపోయింది.

"మూడంతస్తులు, అంతస్తుకు పది గదులు. ఖాళీ గది యాడుండాదో కంప్యూటర్ సెప్పాల. బాగా నడిస్తే నిన్నే పనిలో పెట్టుకుంటా" అన్నాడు. తొంభైల చివర తిరుపతిలో కంప్యూటర్ నేర్చుకొని ఖాళీగా ఉన్నవాడితో అంత తియ్యటి మాట ఇంకెవరూ అనలేదు.

మూడు వరసలు, వరసకు పది గళ్ళ పట్టిక కట్టాను. అందుకు ప్రోగ్రాములో ఒకదానిలో ఒకటిగా రెండు లూపులు, అంటే ఒకే పనిని తిరిగి తిరిగి చేయించే ఆదేశాలు. బయటి లూపు ఒక అంతస్తు ఎక్కి నిలబడుతుంది. లోపలి లూపు ఆ అంతస్తులో ఒకటి నుంచి పది దాకా ప్రతి గడికీ వెళ్ళి 'ఖాళీ' అని రాసి వస్తుంది. అప్పుడే బయటిది పై అంతస్తుకు కదులుతుంది. అంత క్రమశిక్షణ ఆ లాడ్జిలో ఇంకెవరికీ లేదు.

కార్తీకంలో, పెళ్ళిళ్ళ రద్దీలో మొదలుపెట్టాం. కింది రెండంతస్తులూ పెళ్ళివారివి. కౌంటర్లో సాయానికి యజమాని బామ్మర్ది గూడూరు నుంచి వచ్చాడు, నిమ్మకాయల వ్యాపారి. లాడ్జి సంగతులు ఆయనకూ కొత్తే. తెర మీద ఏ నంబరు కనిపిస్తే అదే చీటీ మీద రాసి పైకి పంపుతున్నాడు. తాళాలు పైన రూంబాయి దగ్గర ఉంటాయి.

కొండ మీద గుండ్లు కొట్టించుకొని వచ్చిన ఒక కుటుంబానికి మూడువందల ఎనిమిది పడింది. వాళ్ళ ముసలమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ మూడంతస్తులూ ఎక్కింది. అంతకన్నా నెమ్మదిగా దిగింది. ఈలోగా ఆ అంతస్తులో ఖాళీగా మిగిలిన రెండు గదులూ వేరేవాళ్ళకు అయిపోయాయి.

"ఏడుండాది, తొమ్మిదుండాది. ఎనిమిది యాడప్పా?" అన్నాడు ముసలమ్మ కొడుకు.

యజమాని పరుగున వచ్చాడు. ఎనిమిది అచ్చిరాదని కట్టినప్పుడే ఆ నంబరు ఎత్తేశారట. ఏడు పక్కన తొమ్మిదేనట. చివరి తలుపు మీద పది అని ఉంది కాబట్టి గదులు పదేనట. ఉన్నవి తొమ్మిది. లేని గదిని లెక్కలో కలుపుకొని ఆయన ఇన్నేళ్ళూ హాయిగా నిద్రపోయాడు.

"మీరే గదా పది అన్నారు" అన్నాను. గొంతు కొంచెం పెరిగింది. వీధిలో పూలమ్మే ఆమె తిరిగి చూసేంత కొంచెం.

"పదే గదబ్బా. ఆ ఒక్కటి లేదు, అంతే."

"లోపలి లూపులో ఒక్క లైను రాస్తే దాన్ని దాటేస్తుంది."

"వద్దులే. ఈడ ఆ అంకె ఎవురూ నోట ఎత్తరు. నీ మిషను మొదటిరోజే ఎత్తింది."

తప్పు చెప్పినందుకు కాదు, ఆ అంకె పలికినందుకు నాకు రావాల్సిన ఉద్యోగం పోయింది. మొదటిది అయితే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. రెండోది తలచుకుంటే ఈనాటికీ పళ్ళు నూరుకుంటాను.

కౌంటర్ వెనక అద్దాల గదిలోంచి కంప్యూటర్ని బయటికి మోయించి, యజమాని ముసలమ్మకు అక్కడే చాప వేయించాడు. లాడ్జికంతా ఉన్న ఒక్క ఏసీ అందులోనే. ఆమె తలుపు దగ్గర ఆగి నన్ను అడిగింది.

"ఇది ఎన్నో నంబరు నాయనా?"

"దీనికి నంబరు లేదవ్వా."

"అట్లయితే గది ఉంటాదిలే" అని లోపలికి వెళ్ళింది.