టోర్వాల్ తాత మూడో ఇల్లు

హార్డింగ్ ఊళ్ళో విల్హెల్మినా ఆస్నెస్ ఎవరంటే చెప్పగలిగినవాళ్ళు తక్కువ. సిస్టర్ మినా అంటే మాత్రం కుక్కలు కూడా దారి చూపిస్తాయి. ముప్పై ఏళ్ళకు పైగా కాన్పుల నర్సుగా పనిచేసింది. చుట్టుపక్కల పల్లెల్లో సగం జనాన్ని ఈ లోకంలోకి లాగింది ఆ చేతులే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "రోజూ కాన్పులు చూసేదానికి ఆ కోరికెలా పుడుతుంది?" అనేది.

ఆమె రిటైరైన ఏడాదే తమ్ముడు సెడ్రిక్ టాక్సీ మళ్ళీ కాలువలో పడింది. డ్రైవరు తాగి ఉన్నాడని ఊరంతా అంది. సెడ్రిక్ మాత్రం సోదె చెప్పే ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. మీ ముత్తాతకు సమాధిరాయి లేదు, అందుకే అలిగాడు అని ఆవిడ తేల్చేసింది.

"రాయి చెక్కమని చెప్పేశానక్కా. సమాధి ఎక్కడుందో నువ్వు కనుక్కో" అన్నాడు సెడ్రిక్.

"ముందు రాయి, తర్వాత సమాధా?"

"సమాధి ఎక్కడికి పోతుంది? ఉన్నచోటే ఉంటుంది."

ముత్తాత గురించి ఇంట్లో తెలిసింది చారెడు. పేరు టోర్వాల్ ఆస్నెస్. నార్వే వడ్రంగి. భూములిస్తాం రమ్మని తెల్లదొరలు పిలిస్తే ఓడెక్కి వచ్చి పోర్ట్ షెప్‌స్టోన్ రేవులో దిగిన గుంపులో ఒకడు. బట్టలుతికే సెలీనాను చేసుకున్నాడు, ఇల్లు కట్టాడు. ఒకరోజు మేకులు కొనుక్కొస్తానని వెళ్ళాడు. ఆ మేకులు ఇంకా రాలేదు.

అప్పటికి మినా తాత జోసెఫ్ ఆరేళ్ళవాడు. చాలాకాలం గేటు మీద కూర్చుని ఎదురుచూశాడట. ముసలివాడయ్యాక కూడా గేటు కిర్రుమంటే తలెత్తేవాడు. చిన్నప్పుడు మినా అదేదో ఆట అనుకుని, తాత తలెత్తడం చూడాలని పదేపదే గేటు తోసేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

వెతకడానికి ఆమె దగ్గరున్న ఆధారం ఒక్కటే, ఆమె కుడికాలు. రెండో వేలూ మూడో వేలూ అతుక్కుని ఉంటాయి. జోసెఫ్ తాతకూ అంతే. ఆసుపత్రిలో అప్పుడప్పుడూ అలాంటి కాళ్ళతో పిల్లలు పుట్టేవాళ్ళు. తల్లులు కంగారుపడితే "నడకకేం అడ్డం రాదు" అని చెప్పి పంపేది. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే, ఆ తల్లులందరూ కుఖాలో అనే ఒకే పల్లెవాళ్ళేనని తట్టింది.

మర్నాడే ఆ పల్లెకు వెళ్ళింది. పశువుల దొడ్డి పక్కన చెప్పులేసుకున్న మనిషొకడు ఒక సమాధికి సున్నం కొడుతున్నాడు. మినా ముందు అతని కాలు చూసింది, తర్వాత మొహం చూసింది.

"సిస్టర్ మినా కదూ?" అన్నాడతను బ్రష్షు పక్కన పెట్టి. "నేను ఫికిలె అసినేసిని. నన్ను పుట్టించింది మీరేనట. నా కాలు చూసి నడకకు అడ్డం రాదన్నారని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది."

"వచ్చిందా?"

"లేదు."

"ఈ సమాధి ఎవరిది బాబూ?"

"మా ముత్తాతది. తెల్లాయన. వడ్రంగి."

అసినేసి అంటే ఆస్నెస్సే. ఇక్కడి పాండో తెగ జనం నోళ్ళలో నలిగి నలిగి ఆ రూపానికొచ్చింది. మినా తన చెప్పు విప్పి కాలు ముందుకు చాపింది. ఫికిలె కాసేపు చూసి, లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు.

"నిలబెట్టి మాట్లాడాను, ఏమనుకోకు అక్కా. కానీ ఒక మాట. ఈ సమాధిలో ఆయన లేడు."

"మరెవరున్నారు?"

"కోటు. తాళంకప్ప కొనుక్కొస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదట. పిల్లలు సారా పోసి మొక్కుకోడానికి ఓ చోటుండాలని మా ముత్తవ్వ ఆయన కోటు పాతిపెట్టింది."

"కోటుకా సున్నం కొడుతున్నావు?"

"ఏటేటా కొడతాం. మంచి కోటట."

బిజానా వైపు, సముద్రం దగ్గర ఒక ముసలామె కూడా టోర్వాల్ తమవాడేనంటుందని, అందుకే ఆ ఇంటికీ వీళ్ళకూ మాటల్లేవని ఫికిలె చెప్పాడు. ఆదివారం ఇద్దరూ అతని వ్యానులో బయల్దేరారు.

ఆ ఇల్లు కొండవాలు పొడుగునా పాకింది. గదికి గది, దానికి వసారా, వసారాకి మళ్ళీ గది. ఒక తలుపు తీస్తే ఎదురుగా గాలి తప్ప ఏమీ లేదు. గుమ్మంలో చాపమీద తొంభై దాటిన మాంబేలే కూర్చుని ఉంది. టోర్వాల్‌కు ఈ ఇంట్లో పుట్టిన చిన్నకొడుకు భార్య.

ఆమె ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "మీరు ఎన్నో ఇల్లు?" అంది.

"నేను మొదటి ఇల్లు. ఇతను రెండో ఇల్లు" అంది మినా.

"ఇంత ఆలస్యమా! వెనక రెండిళ్ళున్నాయి, ఎవరో ఒకరు వస్తారని మా మామ చెప్పి పోయాడు. నేను కోడలిగా వచ్చిన కొత్తల్లోనే చనిపోయాడు. అప్పట్నుంచీ చూస్తున్నా."

సమాధి ఇంటి వెనకాలే ఉంది. ఇందులో మనిషే ఉన్నాడని మాంబేలే ఒట్టేసి చెప్పింది. మినా అక్కడ నిలబడి, ఇన్నేళ్ళూ మోసిన ప్రశ్న అడిగింది.

"అవ్వా, మా తాత ఆరేళ్ళవాడు. గేటు మీద కూర్చుని ఎదురుచూశాడు. ఈయన అసలెందుకొచ్చేశాడు?"

"మా అత్త కూడా అదే అడిగింది తల్లీ. ఇల్లయిపోయింది అన్నాడట. తలుపులు బిగించాను, పైకప్పు వేశాను, ఇక నేనేం చెయ్యాలో తెలీలేదు అన్నాడట."

"అంతేనా?"

"అంతే. అందుకే మా అత్త ఇల్లు పూర్తికానివ్వలేదు. ఈ గోడ ఎండేలోపల ఇంకో గది కావాలనేది. ముప్పై ఏళ్ళు కట్టించింది. పోయేముందురోజు కూడా మా మామ కిటికీ కొలిచాడు."

మినాకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపూ వచ్చింది. మాంబేలే అదేమీ పట్టించుకోకుండా ఆమెకు మజ్జిగ పోసింది. "ఆ గేటు మీది పిల్లాడి సంగతి ఒక్కసారే ఎత్తాడు మా మామ," అంది తర్వాత. "వాడికి కర్ర కోయడం నేర్పడం మొదలుపెట్టానని చెప్పి, అన్నం వదిలేసి లేచిపోయాడు."

శీతాకాలంలో రాయి మాంబేలే ఇంటికి వచ్చింది. దానిమీద 'సెలీనాకు ప్రియమైన భర్త' అని చెక్కించాడు సెడ్రిక్. చదివించుకుని విన్న మాంబేలే, "ప్రియమైన భర్త అని ఉండనీ నాయనా, ఎవరికి అన్నది మాత్రం తీసెయ్" అంది. శిల్పి సెలీనా పేరు చెక్కి తీసేశాక అక్కడ చిన్న గుంట మిగిలింది. రాయి నిలబెట్టి ఎద్దును కోశారు, మూడిళ్ళవాళ్ళూ తిన్నారు. మాంసం పంపకం దగ్గర రెండో ఇల్లూ మూడో ఇల్లూ మళ్ళీ మాటలు మానేసి, సాయంత్రానికల్లా కలిసి పాడాయి.

ఆ తర్వాత మాంబేలే కాలి పుండుకు కట్టు కట్టడానికి మినా నెలనెలా బిజానా వెళ్ళేది. రెండో ఏట ముసలామె నిద్రలోనే పోయింది. ఊరివాళ్ళు వచ్చేసరికి గుమ్మంలో చాపమీద, ఇంటి ఆడవాళ్ళ మధ్య, చనిపోయినవాళ్ళ సొంతమనుషులు కప్పుకునే దుప్పటి కప్పుకుని మినా కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళు వరుసగా ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని ఓదారుస్తూ, మినా చెయ్యి కూడా పట్టుకుని ముందుకు కదిలారు.