ఏడో నంబరు స్తంభం దగ్గర దాలమ్మ

దాలమ్మకు మామూలు పాటలు వినబడవు. ఇరవై రెండేళ్లు జూట్ మిల్లు స్పిన్నింగ్ షెడ్డులో నిలబడిన చెవులు అవి. గుడి మైకులో సుప్రభాతం ఆమెకు దోమ రొద. టీవీ సీరియల్ మూగ బొమ్మలాట. అలాంటి మనిషికి అక్క కొడుకు వెంకీ ఒకనాడు సరదాకి తన హెడ్‌ఫోన్లు తగిలించి ‘తుప్పు’ బ్యాండు పాట పెట్టాడు.

‘తుప్పు’ అంటే విశాఖలో ఇంజనీరింగు మధ్యలో వదిలేసిన నలుగురు కుర్రాళ్లు. ఇనుప రేకులు, డ్రిల్లింగ్ మిషను, పాత కంప్రెసరు, వాటి మధ్య నవీన్ అనేవాడి అరుపు. ఇండస్ట్రియల్ సంగీతం అంటారు దాన్ని. వెంకీ ఇంట్లో తలనొప్పి అంటారు. దాలమ్మ మాత్రం కళ్లు పెద్దవి చేసి గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

“ఇదేటిరా, మా షెడ్డు లాగున్నాది! ఇంకో పాలి పెట్టు.”

యాభై నాలుగో ఏట ఆమె అలా అభిమాని అయింది. దీన్ని శ్రామిక చైతన్యమనో, పోయిన రోజుల మీద బెంగనో రాయబోయేవాళ్లు కాస్త ఆగాలి. మిల్లు మీద ఆమెకు బెంగేమీ లేదు. అది ఆమెకు దగ్గునిచ్చి, చెవులు తీసుకుని, ఒక పొద్దున గేటుకి నోటీసు అంటించుకుని మూతబడింది. అప్పటినుంచి విజయనగరంలో ఒక టిఫిన్ హోటల్లో గిన్నెలు తోముతోంది. ఈ పాట వినబడుతుంది కాబట్టి వింటుంది. అంతే.

కిందటి మాఘంలో బ్యాండు వీడియో తీయాలనుకుంది. లోకం అంతమైపోయాక మిగిలిన మనుషుల కథ. దానికి మూతబడ్డ ఆ మిల్లే దొరికింది, ఒక్క రోజుకి అనుమతితో. అభిమానులు ఎవరి ఖర్చులతో వాళ్లు రావాలని, గోనెసంచులు తొడుక్కోవాలని, రబ్బరు గ్యాస్ మాస్కులు బ్యాండే ఇస్తుందని నవీన్ వెంకీకి ఫోన్లో చెప్పాడు. వయసు మళ్లినవాళ్లు కూడా కావాలన్నాడు. వెంకీ పిన్ని చెవిలో అరిచి అడిగాడు.

“వస్తాను గానీ, నన్ను ఏడో నంబరు కాడ నిలబెట్టాల,” అంది దాలమ్మ. “పాట పెద్ద స్పీకర్లో పెట్టాల. నా మిషను కాడ నిలబడి ఓ పాలి వినాల.”

“మిషన్లెక్కడున్నాయి పిన్నీ? ఎప్పుడో తుక్కుకి అమ్మేసినారు.”

“దాని పక్క స్తంభం ఉన్నాది కదా. నిలబెడతావా, లేదా?”

“నిలబెడతాను,” అన్నాడు వెంకీ.

ఎనిమిదింటికి రమ్మంటే దాలమ్మ, మిల్లులో పాత జతగత్తె జగ్గమ్మ, మరో ఇద్దరు ఆరింటికే వెళ్లారు. చీపుర్లతో వెళ్లారు. కలకత్తా నుంచి పెద్దాఫీసర్లు వస్తున్నారంటే షెడ్డంతా ఆడవాళ్లే ఊడవడం ఆ మిల్లు ఆనవాయితీ. ఇప్పుడు ఏకంగా కెమెరా వస్తోంది. రెండు గంటల్లో పన్నెండేళ్ల నార దుమ్ము ఆరు బస్తాలకెక్కింది. జగ్గమ్మ గుమ్మంలో నీళ్లు చల్లి నాలుగు గీతల ముగ్గు కూడా వేసింది.

నవీన్ వచ్చి ముగ్గు మీద కాలు పెట్టకుండా ఆగిపోయాడు. లోపలికి తొంగిచూసి తల పట్టుకున్నాడు.

“ఎవరండీ ఇదంతా ఊడ్చింది? ఇక్కడ ప్రపంచం అంతమైపోయిందమ్మా!”

“అంతమైపోతే తుడవకూడదేటి?” అంది జగ్గమ్మ.

“ఆ దుమ్ము కోసమే కదమ్మా ఇంత దూరం వచ్చాం! పైకప్పు చిల్లుల్లోంచి ఎండ పడుతుంది, ఆ ఎండలో దుమ్ము ఎగరాలి. పదిన్నర దాటితే ఆ ఏటవాలు ఎండ కూడా ఉండదు.”

“ముందే సెప్పాల బాబూ. మీ ఇల్లు సూడ్డానికి వస్తన్నామని సెప్పీసి, ఊడిసినావేటని అడిగితే ఎలాగ?” అంది జగ్గమ్మ.

గోనెసంచులు తొడుక్కున్న ముప్పై మంది కుర్ర అభిమానులు బస్తాలు విప్పి దుమ్ము పిడికిళ్లతో విసిరారు. అది ముద్దలు ముద్దలుగా వాళ్ల నెత్తినే పడింది. దాలమ్మ కాసేపు చూసింది. తర్వాత విసుగ్గా వాచ్‌మన్ గది నుంచి చేట తెచ్చింది.

“ఇసరకండిరా, సెరగాల!”

చేట ఒక్కసారి ఎగరేసి, అంచు మీద వేలితో తట్టింది. దుమ్ము పొగలా లేచి ఎండ చారల్లో నిలబడింది. నవీన్ కెమెరా వైపు పరుగెత్తాడు. “అమ్మా, అదే! పాట అయ్యేదాకా ఆపొద్దు!”

ఇంకెవరు చెరుగుతారు? జగ్గమ్మకు భుజం లేవదు. మిగతా ఇద్దరికీ ఉబ్బసం. దాలమ్మ కెమెరా వెనక నిలబడింది. ఏడో నంబరు స్తంభం దగ్గర కాలేజీ పిల్ల అరుణశ్రీని నిలబెట్టారు. వెంకీ పిన్ని మొహం చూడలేక మాస్కు తగిలించుకున్నాడు. ఆ షెడ్డులో మనుషులు మాస్కులు పెట్టుకోవడం అదే మొదలు. పని జరిగిన ఏళ్లన్నీ చీర కొంగే.

పాట మొదలైంది. అరికాళ్లలోంచి వచ్చింది, దాలమ్మకు తెలిసింది. చేట ఎగరేస్తూ దగ్గింది, దగ్గుతూ ఎగరేసింది. మొదటిసారి అరుణశ్రీ తుమ్మింది. రెండోసారి కెమెరా ఆగింది. మూడోసారికి పది దాటింది. దాలమ్మ చేతులు బరువెక్కాయి. ఆరో బస్తా అడుగు కనబడింది. ఇది అయిపోతే పాట మళ్లీ పెట్టరు.

నార దుమ్ము ఒకసారి లేస్తే దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ సంగతి నవీన్‌కి తెలియదు. దాలమ్మ ఊపిరితిత్తులకు తెలుసు. పాట సగం అయ్యాక చేట నిండా ఎత్తుకుని, వరసగా మూడుసార్లు ఎగరేసింది. తర్వాత కొంగు ముక్కుకి చుట్టుకుని, చేట చంకన పెట్టుకుని, కెమెరా ముందు నుంచే నడిచి వెళ్లింది.

“ఒలే గుంటా, కాసింత జరుగు.”

అరుణశ్రీ జరిగింది. దాలమ్మ స్తంభానికి వీపు ఆనించి కళ్లు మూసుకుంది. నవీన్ ఏదో అరిచాడు. ఆ అరుపు ఆమెకు వినబడే రకం కాదు. దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది, ఎండ ఇంకా ఉంది, కెమెరా ఆపే ధైర్యం అతనికి లేకపోయింది. పాట చివరిదాకా ఆమె అక్కడే నిలబడి విన్నది. తర్వాత వారం రోజులు మంచం మీద దగ్గింది.

వీడియో రెండు నెలలకు వచ్చింది. వెంకీ హోటల్ వెనక్కి తెచ్చి చూపించాడు. దుమ్ము ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశారని చాలామంది అడిగారు. దాలమ్మ మూడు సెకన్లు కనిపించింది. వీడియో కింద ఎవరో రాసిన మాటను వెంకీ ఆమె చెవిలో అరిచాడు:

“లోకం నాశనమైపోతే ఆ ఆంటీకి మాస్కు లేదేంటి, తప్పు తీశారు అంటన్నారు పిన్నీ!”

“మాకెప్పుడిచ్చినార్రా మాస్కులు?” అని, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోను తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుంది. “దుమ్ము బాగానే లేసింది గానీ... ఆ మూల పల్చనైపోనాది సూడు.”

లోపల్నుంచి ఇడ్లీ రేకుల కోసం కేక వేశారు. ఆమెకు వినబడలేదు. వెంకీ భుజం తట్టి చెప్పాడు.