ఫ్లోరిడాను ఎక్కిరించిన చిన్నాయన

రెండు వేల సంవత్సరం చివర్లో, అమెరికా అధ్యక్షుడెవరో ఫ్లోరిడా రాష్ట్రం నెల దాటినా తేల్చలేకపోయింది. అక్కడ కాగితానికి బొక్క కొట్టి ఓటేస్తారు, కొన్నిటికి ఆ బొక్క సరిగ్గా పడలేదట. అధికారులు వాటిని వెలుతురుకు పట్టి చూస్తున్న ఫోటో పేపర్లో వచ్చింది. గట్టు దగ్గర మా ఊరి చాయ్ హోటల్లో మా చిన్నాయన దాన్ని అందరికీ చూపించాడు.

"ఏంది గిది? చంద్రుని మీదికి పోయొచ్చిన్రు, కాయితానికి బొక్క కొట్టనీకె రాదా వీళ్ళకు?"

రోజూ ఇదే మాట. విని విని నాకు తలనొప్పి పుట్టేది.

మరుసటి ఏడు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా వార్డు ఆడవాళ్ళకు కేటాయించారు. చిన్నమ్మ నిలబడింది. ఆమెకు పదవి పిచ్చేమీ లేదు, మా గల్లీకి నల్లా కావాలి, అంతే. ఊరి బయటి బోరింగు నుంచి బిందెలు మోసి మోసి ఆమె మెడ పట్టేసింది. గుర్తుగా గ్యాస్ పొయ్యి ఇచ్చారు. మా ఇంట్లో ఉన్నది కట్టెల పొయ్యి. ఎదురు నిలబడ్డ పక్క గల్లీ ఆమెది బీరువా గుర్తు. ఆమె మొగుడు చిన్నాయనకు దోస్తు. విత్తనాలప్పుడు మా చేను దున్నడానికి వాళ్ళ ఎద్దులే వచ్చేవి.

లెక్కింపులో చిన్నమ్మ తరఫున నేనే కూర్చున్నాను. ఇద్దరికీ సమానంగా వచ్చాయి. ఒక ఓటు మాత్రం చెల్లలేదు. అధికారి దాన్ని పైకెత్తి చూపించాడు. పొయ్యి మీద ఒక ముద్ర, బీరువా మీద ఒక ముద్ర. రెండూ గీత తగలకుండా ఎంత శుభ్రంగా ఉన్నాయో! ఎవడో దద్దమ్మ అనుకుని మనసులో తిట్టుకున్నాను. చివరికి చీటీలు వేశారు. బీరువా వచ్చింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. అప్పుడే బయటినుంచి వచ్చిన చిన్నాయన చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అది నేనే ఏసిన. ఎద్దులిచ్చిండు, ఓటడిగిండు, సరేనంటి. ఇద్దరికీ మాటిచ్చినంక తప్పితె ఎట్ల?"

నాకు ఒళ్ళు మండింది. ఫ్లోరిడా సంగతి ఎత్తబోతుంటే చిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మెడ రుద్దుకుంటూ లోపలికి పోయి, రెండు బిందెలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నల్లా ఇగ ఆమె గల్లీకే వొస్తది. అందాక బోరింగు నుంచి నువ్వే తే. వొచ్చినంక ఆడ్నుంచి తే."

ఏడాది తిరక్కముందే పక్క గల్లీకి నల్లా వచ్చింది. చిన్నాయన రోజూ రెండు బిందెలతో పోయేవాడు. దోస్తు ఇంటి ముందే వరుసలో నిలబడేవాడు. చిన్నమ్మ మాత్రం ఒక్కనాడూ ఆ నల్లా దగ్గరికి పోలేదు.