నాలుగో మగ్గం చప్పుడు

2022 వానాకాలం. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద ఉన్న చిన్న క్లినిక్‌లో నేను ఆడియాలజిస్టును. వినికిడి పరీక్షలు చేయడం, అవసరమైనవారికి హియరింగ్ ఎయిడ్ అమర్చడం నా పని. అప్పటికి పద్నాలుగేళ్ల అనుభవమూ, దానికి తగ్గ పొగరూ నాకున్నాయి.

ఆ జూలైలో నగర శివార్లలోని అత్తిబెలె నుంచి నారాయణప్ప గారు వచ్చారు. డెబ్బై మూడేళ్ల మనిషి. యాభై ఏళ్లుగా పట్టుచీరలు నేసే మరమగ్గాల మధ్యే బతికారు. ఇంటి పక్కనే షెడ్డు, అందులో ఆరు మగ్గాలు. ఆయనకు కీళ్లనొప్పులు వచ్చినప్పటినుంచీ షెడ్డు నడిపేది కోడలు సుజాత. ఆమే వెంటబెట్టుకొచ్చింది.

ఆడియోగ్రామ్ తీశాను. ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినిపిస్తుందో చూపించే గీత అది. మంద్రమైన శబ్దాల దగ్గర పర్వాలేదు గానీ, సన్న శబ్దాల దగ్గరికొచ్చేసరికి గీత బావిలోకి దిగినట్టు దిగిపోయింది. మగ్గాల మోతలో పనిచేసిన చెవులు చాలావరకు ఇంతే. రెండు చెవులకూ మంచి మిషన్లే పెట్టి, మాట తేటగా వినబడాలని నాయిస్ రిడక్షన్ పూర్తిగా పెంచాను. ఒకే తీరున సాగే మోతను కనిపెట్టి తగ్గించేసే ఏర్పాటది. కోడలి మాట విని ఆయన నవ్వారు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

నెల తర్వాత మళ్లీ వచ్చారు. రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నదీ మిషనే గుర్తుపెట్టుకుంటుంది, దాన్ని డేటా లాగింగ్ అంటాం. చూస్తే రోజుకు గంట కూడా లేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏం నారాయణప్ప గారూ, బీరువాలో దాచుకోవడానికా నేను పెట్టింది?"

"లేదమ్మా. బువ్వ తినేటప్పుడు పెట్టుకుంటా ఉండాను. షెడ్డులోకి పోతే తీసేస్తా."

"మోత తగ్గితే హాయే కదా?"

"ఏం హాయమ్మా! మగ్గాలన్నీ సచ్చిపోయినట్టుండాది."

నేను నవ్వేశాను. సుజాత మాత్రం నవ్వలేదు.

"మామ చెవితోనే మగ్గాలు చూస్తాడు మేడమ్. వాకిట్లో కూర్చోని, మూడోది ఆపు అంటాడు. పోయి చూస్తే ఏదో ఒకటి వదులైంటాది. చీర చెడిపోకముందే తెల్సిపోతాది ఆయనకి."

"తెల్సిపోతా ఉన్నింది," అన్నారాయన మెల్లగా. "రెండేండ్లయిందమ్మా, సరిగ్గా ఇనపడక. ఎవురికీ చెప్పలా. మగ్గం మీద చెయ్యి పెట్టి అదురు చూసి చెప్తా ఉండాను. ఉండేది పూర్తిగా పోకముందే ఈ పిల్లకి అప్పగించల్ల. నేను నీ దగ్గరికి వచ్చింది దానికి. మాటలినేదానికి కాదు."

ఆ సంగతి సుజాతకూ అప్పుడే తెలిసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కదా, ఆ గదిలో శంఖం ఊదింది ఆయన, చెవిటిదాన్ని నేను. ఆయన జీవితమంతా విన్నదాన్ని నేను పనికిరాని మోత కింద తీసేశాను. చాలా సిగ్గేసింది.

అలాగని నాయిస్ రిడక్షన్ తీసేసి షెడ్డులోకి పంపలేను. అంత మోతను మిషన్ ఇంకా పెంచితే మిగిలిన వినికిడీ పోతుంది. ఒక్కో మగ్గం చప్పుడునూ ఫోన్‌లో రికార్డు చేసి, ఇంట్లో కూర్చోబెట్టి, బ్లూటూత్ మీద ఆయన మిషన్లలోకే మెత్తగా వినిపిస్తే? ఏ చప్పుడు ఏ లోపమో ఆయన చెప్పొచ్చు, సుజాత నేర్చుకోవచ్చు.

ఆ ఆదివారం అత్తిబెలె వెళ్లాను. ఆరు మగ్గాలూ రికార్డు చేసి, హాల్లో కూర్చుని వినిపిస్తే ఏముంది, గాలి తప్ప ఏమీ లేదు. ఫోన్ కూడా మోతంతా శుభ్రంగా తుడిచిపెట్టేసింది! నా జబ్బే దానికీ ఉంది. సుజాతే సెట్టింగ్స్‌లో వెతికి ఆ ఏర్పాటు ఆపేసింది. షెడ్డులో ఉన్నంతసేపూ మోత చెవుల్లో పడకుండా ఇయర్ మఫ్‌లు పెట్టుకోవాలని, వినడమంతా రికార్డులోనే జరగాలని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను.

దీపావళి దాటేసరికి ముప్పై ఎనిమిది రికార్డులయ్యాయి. ప్రతి చప్పుడు చివరా ఆయన గొంతు ఉండేది. "ఇది రెండో మగ్గం. పోగు మోసుకుపోయే నాడెని తన్నే తోలు అరిగింది. ఇంగ రెండు దినాలు ఓర్చుకుంటాది." ఇంట్లో మనిషికి ఒళ్లు బాగాలేదన్నట్టే చెప్పేవారు.

డిసెంబరులో పరీక్షకు వచ్చినప్పుడు సుజాత ఆ ఉదయమే రికార్డు చేసిన నాలుగో మగ్గాన్ని ఫోన్ స్పీకర్‌లో మా ఇద్దరికీ వినిపించింది. ఆయన కళ్లు మూసుకున్నారు.

"బాగుండాది. బంగారట్లా ఆడ్తా ఉండాది."

సుజాత తటపటాయిస్తూనే చెప్పింది. "లేదు మామా. వెనకాల సన్నంగా స్స్ అంటా ఉండాది. నాడె అంచు పెచ్చు లేసింటాది. ఆ మగ్గం ఆపేసే వచ్చినా."

ఆయన మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ. నేను వాల్యూమ్ కాస్త పెంచాను. నాకు వినిపిస్తోంది, ఆయనకు లేదు. ఆడియోగ్రామ్‌లో గీత బావిలోకి దిగిన చోటే ఉంది ఆ చప్పుడు. అక్కడ మిషన్ ఎంత అరిచినా అందుకోవడానికి చెవిలో ఏమీ మిగల్లేదు. ఆ మాట చెప్పక తప్పదు. చెప్పాను. ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆయన కోడలి తల మీద చెయ్యి పెట్టారు.

"నాకు ఇనపడనిది నీకు ఇనపడ్తా ఉండాదంటే, ఇంగ నేను నిమ్మళంగా ఉండొచ్చు తల్లీ."

ఆయన కళ్లు చెమర్చాయి. నేను కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించాను గానీ, నావీ అంతే.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా పరీక్షకు ముందే, మీరేం వినాలనుకుంటున్నారని అడుగుతాను. కొందరు మనవరాలి మాటంటారు, కొందరు కుక్కర్ విజిలంటారు. దాన్ని బట్టే మిషన్ సర్దుతాను. పద్నాలుగేళ్లు ఈ ప్రశ్న లేకుండానే నెట్టుకొచ్చాను.

ఆ డిసెంబరు రోజు సుజాత అలవాటుగా ఫోన్ ఆయన నోటి దగ్గర పెట్టింది, నాలుగో మగ్గం గురించి చెప్పమని. ఆయన ఆ చేతిని ఆమె వైపే తిప్పేశారు.

"దీనికి నా గొంతు వద్దు. నువ్వు చెప్పు, నేనింటా."