పసుపు అంచు

నాన్న పోయాడని చెప్పడానికి బాబాయి బెజవాడలో మా హాస్టలుకు వచ్చినప్పుడు, ఏడుపు కంటే ముందు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "భుజం మీద తువ్వాలుందా?"

బాబాయి నన్ను వింతగా చూశాడు. "మగ్గం దగ్గరే ఒరిగిపోయాడమ్మా. తువ్వాలు ఎవరు చూశారు?"

సైన్సు చదివే పిల్లకు ఇదేం భయమని మీరు నవ్వుకోవచ్చు. పామర్రు బస్సులో నాకు నేనూ అదే చెప్పుకున్నాను. ఆ తువ్వాలు నేసిన నా చేతులు వింటేగా!

నా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, విశాఖలో, కాకినాడలో బాంబులు పడ్డాయని ఊరంతా హడలిపోయింది. రంగు నూలు కంటికి కనపడటం మానేసింది. నాన్న తెల్ల చొక్కా గుడ్డే నేసేవాడు. మగ్గం మీద ఒక పడుగు నూలు అయిపోయి ఇంకోటి ఎక్కించేలోపు, మిగిలిన కొస మీద నేను దొంగచాటుగా ఆయనకో తువ్వాలు నేశాను. ఆయన గుడ్డల మూటతో బెజవాడ బయలుదేరుతున్న పొద్దున తెచ్చి చేతుల్లో పెట్టాను.

నాయనమ్మ చూసి గుండె బాదుకుంది. "అంచు లేని కోరా గుడ్డా! అది శవం మీద కప్పేది గదే! ప్రయాణమయ్యే మనిషికి ఎవరైనా ఇస్తారటే?"

 అమ్మ గుడ్డ లాక్కోబోయింది. నేనేం చేశానో అప్పటికి గాని నాకు తెలియలేదు. 

"ఉండవే," అన్నాడు నాన్న. ఏ గుడ్డనైనా చూసినట్టే వెలుతురుకు ఎత్తి పట్టుకుని, బొటనవేలితో తడిమాడు. "పేక ఇక్కడిదాకా బిగువుగా ఉంది. ఇక్కడ వదిలేశావు. ఆకలేసిందా అమ్మాయ్?"

నేను తలూపాను.

"మరి అంచేదీ?"

"రంగు నూలు లేదుగా నాన్నా."

ఆయన అమ్మను పసుపు గిన్నె తెమ్మన్నాడు. కొత్త బట్టకు మూలల్లో పసుపు పెట్టడం అందరూ చేసేదే. ఆయన మాత్రం వేలు ముంచి, రెండు పక్కలా ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత గీశాడు. "ఇదిగో అంచు," అని భుజాన వేసుకున్నాడు.

"యముడికి పసుపు గీత అంచులా కనపడుద్దంట్రా?" అంది నాయనమ్మ.

"అడిగితే మా అమ్మాయి నేసిందని చెబుతాలేవే."

బొగ్గుతో నడిచే బస్సు ఆయన్ని తీసుకుపోయింది. మధ్యాహ్నానికి బెజవాడ మీద విమానాలు తిరిగాయని పుకారు. సాయంత్రం బస్సు రాలేదు. నాన్న రాలేదు. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నేసిన చేతుల్ని ఒళ్ళో దాచుకుని కాలవగట్టున కూర్చున్నాను.

మర్నాడు పొద్దెక్కాక ఆయన నడుచుకుంటూ వచ్చాడు. విమానాల్లేవు, ఏమీ లేవు. బస్సు దారిలో చెడిపోయిందట. భుజం మీది తువ్వాలు తీసి, చెమటకు చెదిరిన పసుపు నాకు చూపించాడు. "షావుకారు ఎవరు నేశారని అడిగాడు. గొప్పగా చెప్పాన్లే!"

ఆ తర్వాత ఉతికినప్పుడల్లా ఆయనే మళ్ళీ పసుపు గీసుకునేవాడు. రంగు నూలు వచ్చాక వేరేది నేసిస్తానన్నా ఒప్పుకోలేదు. కాలేజీకి వెళ్ళేముందు అడిగాను, ఆ పొద్దున నీకు భయమేయలేదా అని.

"ఎందుకెయ్యలేదూ? బస్సు కుదిపినప్పుడల్లా దడే. కానీ వద్దని నీ చేతిలోనే పెడితే, ఇంకెవరికీ ఏదీ ఇవ్వడానికి నీకు చెయ్యి వచ్చేది కాదు."

నేను ఇల్లు చేరేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. తువ్వాలు దండెం మీద ఉంది. పొద్దున ఉతికాడట. ఇంకా పసుపు గీయలేదు. తెల్లగా, అంచు లేకుండా గాలికి ఊగుతోంది. నేను దాని దగ్గరకు పోలేదు.

ఎవరో కొత్త కోరా గుడ్డ తెచ్చి కప్పారు. అమ్మ కళ్ళు తుడుచుకుని దండెం వైపు చూసింది. "పైన మనది కప్పుదాం. పసుపు గిన్నె పట్రావే," అంది. ఇంకొన్నాళ్ళకు ఆ గిన్నె ఆమెను ముట్టనివ్వరు.

తువ్వాలు అరుగు మీద పరిచి, ఒక పక్క అమ్మ, ఒక పక్క నేను గీశాం. నా గీత వంకర పోయింది. అమ్మ దిద్దలేదు.

ఆడవాళ్ళం వాకిలి దాటలేదు. పాడె కాలవగట్టున సాగిపోతుంటే, దూరానికి తెలుపంతా ఎండలో కలిసిపోయింది. మలుపు తిరిగేదాకా నాకు కనపడ్డవి రెండు పసుపు గీతలే, ఒకటి కాస్త వంకరగా.